రోజుకో పేజీ తిప్పితే సరిపోతుందా? శ్రమకాల ధ్యాన పఠనంపై పాఠకుల ప్రశ్నలు

శ్రమకాలం దగ్గరపడే కొద్దీ ధ్యాన పుస్తకాల గురించి ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. కొందరు తపస్సుకాలం అన్నారు, కొందరు లెంట్ అన్నారు, కొందరు శ్రమల దినాలు అన్నారు. అందరూ అడిగింది ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే ఒకే కాలం గురించి.

ప్రశ్న: నేను కొన్న ధ్యాన పుస్తకంలో 40 పేజీలే ఉన్నాయి. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తున్నాయి. మిగతా ఆరు రోజులు ఏం చదవాలి?

ఆ ఆరూ ఆదివారాలు. ఆదివారం ప్రభువు పునరుత్థాన దినం కాబట్టి ఉపవాస దినాల లెక్కలోకి రాదు. అవి తీసేస్తే సరిగ్గా 40 మిగులుతాయి. 2026లో బూడిద బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న. 2027లో ఫిబ్రవరి 10న మొదలై మార్చి 28న ఈస్టర్ వస్తుంది. ఏ సంవత్సరం చూసినా లెక్క ఇదే.

పుస్తకంలో 40 పేజీలుంటే ఆదివారం కొత్త పేజీ తెరవకండి. ఆ వారం చదివిన ఆరింటిలో మిమ్మల్ని ఎక్కువగా కదిపినదాన్నో, ఇబ్బంది పెట్టినదాన్నో మళ్ళీ చదవండి. 46, 47 పేజీల పుస్తకాలు ఆదివారాలను కూడా కలిపి రాసినవి, 47వది ఈస్టర్ పేజీ. కథోలిక పుస్తకాలు కొన్నింటిలో చివరి రోజులు విడి భాగంగా కనిపిస్తాయి. పవిత్ర గురువారం సాయంత్రపు పూజతో తపస్సుకాలం ముగిసి పాస్కా త్రిదినం, అంటే ఈస్టర్ దాకా ఉండే మూడు రోజులు, మొదలవుతుంది కాబట్టి అలా విడదీస్తారు. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాల లెక్క మరోలా ఉంటుంది. వారికి సోమవారం మొదలవుతుంది, ఆదివారాలతో కలిపే 40 రోజులు, మట్టల ఆదివారానికి (ఈస్టర్‌కు ముందు ఆదివారం) ముందు వచ్చే శుక్రవారంతో పూర్తవుతాయి. వారి పుస్తకం మీ చేతికి వస్తే తేదీలు చూడకుండా వరుస సంఖ్య ప్రకారం చదువుకోండి.

ప్రశ్న: తెల్లవారగానే ఆ రోజు ధ్యానం చదువుతాను. చదువుతున్నంతసేపు చాలా బాగుంటుంది. మధ్యాహ్నానికి ఏం చదివానో గుర్తుండదు. వయసు వల్లనా?

వయసుకు దీనితో పనిలేదు, పాతికేళ్ళవాళ్ళూ ఇదే అడిగారు. చాలామంది ముందు ధ్యాన రచయిత రాసిన పేజీ చదువుతారు, పైన అచ్చయిన వచనం మీద కళ్ళు అలా జారిపోతాయి, బైబిలు అసలు తెరవరు. ఇక గుర్తుండాల్సింది రచయిత చెప్పిన ముచ్చట. అది మీది కాదు, అందుకే నిలవదు. ఆ వరుసను తిరగేయండి. ముందు బైబిలు భాగం, దానితో మీరు కొంతసేపు, ఆ తరువాతే రచయిత.

25 నిమిషాలు పెట్టుకుంటే ఇలా పంచుకోవచ్చు. చదవాల్సిన చోట గుర్తు కాగితం రాత్రే పెట్టుకోండి. ఉదయం పేజీలు వెతుకుతూ కూర్చుంటే మనసు అక్కడే చెదిరిపోతుంది. మొదటి రెండు నిమిషాలు ఏమీ చదవకుండా కూర్చోండి. తరువాత ఐదు నిమిషాల్లో ఆ భాగాన్ని రెండుసార్లు చదవండి, ఒకసారి మనసులో, ఒకసారి పైకి. పైకి చదివితే నోరు కంటిని పరుగెత్తనివ్వదు. రెండోసారి చదువుతున్నప్పుడు ఏదో ఒక మాట దగ్గర మనసు ఆగుతుంది. ఆ మాటతో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఉండండి. ఆ తరువాత ఐదు నిమిషాలు దాని గురించే దేవునితో మాట్లాడండి. మిగిలిన మూడు నాలుగు నిమిషాల్లో ధ్యాన పుస్తకం పేజీ చదివి, చివర ఒక్క వాక్యం రాసుకోండి.

ఇది మేము కల్పించిన పద్ధతి కాదు. 12వ శతాబ్దంలో కార్తూసియన్ సన్యాసి రెండవ గ్యూగో దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆపైన దేవుని సన్నిధిలో ఊరకుండడం. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే దాన్ని నమలడం అని ఆయన పోలిక. మనలో చాలామంది ముద్ద మీద ముద్ద పెట్టుకుంటూ పోతారు, నమిలే పని మాత్రం పెట్టుకోరు.

తప్పిపోయిన కుమారుని కథ తీసుకోండి, లూకా 15వ అధ్యాయం. అందరికీ తెలిసిందే, అదే దానితో వచ్చే చిక్కు. తెలిసిన కథను మనం చదవం, గుర్తు చేసుకుంటాం. అందుకే ఈసారి 25 నుంచి 32 దాకా, పెద్దకొడుకు భాగం మాత్రమే చదవండి. రెండోసారి పైకి చదివితే ఒకటి వినపడుతుంది. 30వ వచనంలో పెద్దకొడుకు 'నా తమ్ముడు' అనడు, తండ్రితో 'ఈ నీ కుమారుడు' అంటాడు. 32వ వచనంలో తండ్రి ఆ మాటను సరిదిద్ది 'ఈ నీ తమ్ముడు' అంటాడు. అక్కడ ఆగండి. ఇంట్లోనో సంఘంలోనో ఎవరి పేరు పలకడం మానేసి 'మీవాడు', 'ఆవిడ' అని పిలుస్తున్నాను? ఆ మనిషి ముఖం కళ్ళముందుకు వచ్చాక ప్రార్థన వెతుక్కోవాల్సిన పని ఉండదు. పైగా మధ్యాహ్నం ఆ మనిషి ఎదురుపడితే ఉదయం చదివింది దానంతటదే గుర్తొస్తుంది.

మరో చిన్న పని. ఆగిన మాటను నాలుగైదు పదాలకు కుదించి పగలు రెండు మూడుసార్లు పెదవులతో అనుకోండి. 1వ కీర్తన రెండో వచనంలో 'ధ్యానించు' అని మనం చదివే చోట హీబ్రూలో ఉన్న క్రియ 'హాగా'. అదే క్రియను యెషయా 31:4లో సింహం గుర్రుమనడానికి, 38:14లో గువ్వ మూలగడానికి వాడారు. అంటే బైబిలు ధ్యానానికి గొంతు ఉంది. లోలోపల గొణుక్కుంటూ తిప్పుకునే పని అది.

ప్రశ్న: దుకాణంలో శ్రమకాల ధ్యాన పుస్తకాలు చాలా ఉన్నాయి. మంచిదేదో ఎలా పోల్చుకోవాలి?

అట్ట చూసి, ముందుమాట చదివి కొనకండి. మొదటి వారంలో ఒకటి, మధ్యలో ఒకటి, శ్రమల వారంలో ఒకటి, ఇలా మూడు పేజీలు తెరవండి. ప్రతి పేజీలో చదవాల్సిన బైబిలు భాగం పూర్తిగా సూచించారా? ఐదు నుంచి ఇరవై వచనాలుంటే మంచిది. ఒక్క వచనం సగం ముక్క ఇచ్చి, దాని కింద రెండు పేజీల పిట్టకథ ఉంటే ఆ పుస్తకం కథల కోసం పనికొస్తుంది, ధ్యానానికి కాదు.

తరువాత చివరి ప్రశ్న చూడండి. 'మీరు దేవుని ప్రేమిస్తున్నారా?' లాంటి ప్రశ్నకు అవునని చెప్పి పుస్తకం మూసేస్తాం. 'ఈ వారం ఎవరి దగ్గర మీ తప్పును దాచారు?' అంటే మూసేయలేం. మూడోది, ప్రతి పేజీ ఓదార్పుతోనే ముగుస్తోందా? గాయం చూపించకుండానే కట్టు కట్టేస్తే ఈ కాలానికి ఆ పుస్తకం సరిపోదు. ప్రతి పేజీ భయపెట్టడంతో ముగిసినా అంతే.

నిరుటి పుస్తకం ఇంట్లో ఉంది, పనికొస్తుందా అని ఇద్దరు అడిగారు. దినపూజ పఠనాల ప్రకారం రాసిన కథోలిక పుస్తకమైతే శ్రమకాలపు మామూలు రోజుల పఠనాలు ఏటా అవే, కాబట్టి తేదీలు మార్చుకుని వాడుకోవచ్చు. ఆదివారాలవి మాత్రం ఎ, బి, సి అని మూడేళ్ళకోసారి తిరుగుతాయి. సంవత్సరాన్ని మూడుతో భాగించి శేషం 1 వస్తే ఎ, 2 వస్తే బి, ఏమీ మిగలకపోతే సి. 2026కు శేషం 1, కాబట్టి ఎ. ఆ వరుసలో మూడు, నాలుగు, ఐదో ఆదివారాలకు యోహాను సువార్తలోని సమరయ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు వస్తారు. అనేక ప్రొటెస్టంట్ సంఘాలు వాడే ఉమ్మడి పఠన పట్టికా ఇదే మూడేళ్ళ వరుసలో నడుస్తుంది.

ప్రశ్న: ధ్యాన పుస్తకం లేకుండా బైబిలు ఒక్కటే చదవకూడదా?

నిక్షేపంగా చదవచ్చు. కాకపోతే 'రోజుకో సువార్త అధ్యాయం' అని మొదలుపెడితే నాలుగు సువార్తలు కలిపి 89 అధ్యాయాలు, 40 రోజుల్లో పూర్తికావు. రెండేసి చదివితే ముగింపు కోసం పరుగే మిగులుతుంది.

మా సలహా మార్కు సువార్త. 1 నుంచి 10 అధ్యాయాల్లో 425 వచనాలున్నాయి. బూడిద బుధవారం నుంచి మట్టల ఆదివారం దాకా, ఆదివారాలు మినహాయిస్తే 34 రోజులు. రోజుకు 12, 13 వచనాలు పడతాయి. లెక్క కోసం కథను మధ్యలో తెంపకండి. ఒకరోజు ఎనిమిది, మరోరోజు పద్దెనిమిది అయినా సరే, సంఘటన ముగిసిన చోట ఆగండి. 11వ అధ్యాయం మట్టల ఆదివారంతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి మార్కు స్వయంగా రోజులు చెబుతూ నడిపిస్తాడు. 11:1-11 ఆదివారం, 11:12-19 సోమవారం, 11:20 నుంచి 13వ అధ్యాయం చివరి దాకా మంగళవారం, 14:1-11 బుధవారం, 14వ అధ్యాయంలో మిగిలినది గురువారం, 15వది శుక్రవారం. మంగళవారం భాగం చాలా పెద్దది. అందులోంచి 12:28-44 ఒక్కటి తీసుకున్నా చాలు.

ఈ సువార్తలో తొందరపడకూడని చోటు 8:22 నుంచి 10:52 దాకా. అటు చివర ఒక గుడ్డివాడు, ఇటు చివర ఒక గుడ్డివాడు. మొదటివాడికి చూపు ఒకేసారి రాదు, ముందు మనుషులు చెట్లలా కనిపిస్తారు, రెండోసారి చెయ్యి ఉంచాక తేటగా చూస్తాడు. ఆ ఇద్దరి మధ్యలో ప్రభువు తన మరణం గురించి మూడుసార్లు చెబుతాడు, 8:31, 9:31, 10:33-34. మూడుసార్లూ శిష్యులకు ఆ మాట చెవికెక్కదు. ఒకసారి పేతురు ఆయననే గద్దిస్తాడు, ఒకసారి ఎవరు గొప్ప అని దారిలో వాదించుకుంటారు, ఒకసారి యాకోబు, యోహానులు కుడి ఎడమ స్థానాలు అడుగుతారు. చూపున్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో మార్కు మనకే వదిలేస్తాడు. ఈ భాగానికి ఒక వారం అదనంగా పట్టినా నష్టం లేదు, ముందున్న అద్భుతాల భాగాన్ని కొంచెం వేగంగా నడపండి.

కీర్తనలు ఇష్టపడేవారికి ఇంకో దారి ఉంది. పశ్చాత్తాప కీర్తనలని పాతకాలం నుంచి సంఘం ఏడింటిని వేరుచేసి ఉంచింది: 6, 32, 38, 51, 102, 130, 143. బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు, ఆపైన ఆరు వారాలు, మొత్తం ఏడు భాగాలు. మొదటి నాలుగు రోజులకు 6వ కీర్తన, తరువాత వారానికొకటి. వారమంతా అదే కీర్తన రోజూ చదవాలి. మూడో రోజుకు విసుగొస్తుంది. ఐదో రోజుకు అంతకుముందు కనబడని మాట కనబడుతుంది. పాత లాటిన్ లెక్కను పాటించే పుస్తకాల్లో ఈ సంఖ్యల్లో చాలావాటికి ఒకటి తక్కువ ఉంటుంది. 51కి బదులు 50 అని కనిపిస్తే కంగారుపడకండి.

ప్రశ్న: ప్రయాణం వల్ల తొమ్మిది రోజులు చదవలేకపోయాను. రోజుకు రెండేసి చదివి అందుకోవాలా?

వద్దు. ఈరోజు పేజీ తెరవండి, ఆ తొమ్మిదీ వదిలేయండి. బాకీ తీరుస్తున్నట్టు చదివితే పదో రోజు ధ్యానం కూడా చెడుతుంది. మధ్యలో కొనసాగే కథనం ఉంటేనే, ఉదాహరణకు ఒకే సువార్త వరుసగా చదువుతుంటే, ఒక ఆదివారం అరగంట కూర్చుని వదిలిన భాగాన్ని మామూలుగా చదివేయండి. ధ్యానం అక్కర్లేదు.

6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠవాసులకు రాసిన నియమావళిలో, 48వ అధ్యాయంలో, శ్రమకాలపు చదువు ప్రస్తావన ఉంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకం ఇవ్వాలి, దాన్ని మొదటి నుంచి వరుసగా పూర్తిగా చదవాలి అన్నాడు. చదువు వేళలో ఎవరూ బద్ధకించకుండా, కబుర్లలో పడకుండా ఒకరిద్దరు పెద్దలు తిరిగి చూడాలని కూడా రాశాడు. మఠవాసులకే కాపలా పెట్టాల్సి వచ్చిందంటే, మీ తొమ్మిది రోజులు మరీ పెద్ద నేరమేమీ కాదు. అక్కడ గమనించాల్సింది 'ఒక్క పుస్తకం' అన్న మాట. మూడు ధ్యాన పుస్తకాలు, రెండు యాప్‌లు ఒకేసారి మొదలుపెట్టినవారే ఎక్కువగా వెనకబడతారు.

ప్రశ్న: నేను సండే స్కూల్ టీచర్‌ని. ఏది చదివినా వెంటనే పాఠంగా మారిపోతుంది. 'ఇది పిల్లలకు ఇలా చెప్పాలి' అనిపిస్తుంది. నాకోసం చదువుకోవడం ఎలా?

వాక్యం చెప్పేవాళ్ళందరికీ ఉన్న తిప్పలే ఇది. దీనికి తమ్ముడి వరస ఇంకొకటుంది, 'ఈ మాట మా అత్తగారు వింటే బాగుండు' అనుకోవడం. రెండింటిలోనూ వాక్యం మన చెవి దాటి పక్కవారికి చేరిపోతుంది.

ఈ నలభై రోజులూ పాఠాలకు వాడే పుస్తకం నుంచి కాకుండా వేరే భాగం తీసుకోండి. సువార్త చెబుతుంటే విలాపవాక్యములు చదవండి, ఐదే అధ్యాయాలు. నోట్సులో 'నేను', 'నాకు' తప్ప 'మనం', 'మీరు' రాయకూడదని నియమం పెట్టుకోండి. 'మనం గర్విస్తుంటాం' అని రాయడం తేలిక. 'నిన్న మీటింగులో నేను అతని మాట కావాలని మధ్యలో తుంచాను' అని రాయడం కష్టం. కష్టంగా ఉన్న వాక్యమే మీ ధ్యానం. పాఠానికి పనికొచ్చే ఆలోచన తడితే దాన్ని తోసేయడానికి పెనుగులాడకండి, పక్కన చిన్న కాగితం మీద రెండు మాటలు రాసి తిరిగి రండి. చదివిన వచనాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టే అలవాటుంటే ఈస్టర్ దాకా ఆపండి. పంచుకోగానే దానితో పని అయిపోయిందని మనసు అనుకుంటుంది.

ప్రశ్న: శ్రమకాలంలో ఆత్మపరిశీలన మొదలుపెడితే నా పాపాలు తప్ప ఏమీ కనిపించవు. ఒప్పుకున్నవే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చి నిద్ర పట్టదు. ఇది మారుమనస్సా, మరేమైనానా?

దుఃఖాలు రెండు రకాలని పౌలు 2 కొరింథీ 7:10లో విడదీసి చెప్పాడు. ఒకటి మారుమనస్సుకు దారితీస్తుంది, ఇంకొకటి మరణానికి. ఒకే రాత్రి తప్పిపోయిన ఇద్దరిలో ఈ తేడా కనిపిస్తుంది. ప్రభువును ఎరుగనన్న పేతురు ఏడ్చాడు, ఆయనను అప్పగించిన యూదా కూడా పశ్చాత్తాపపడి వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు. అయితే లూకా 22:61 ప్రకారం ప్రభువు తిరిగి పేతురువైపు చూశాడు, ఆ చూపు కిందనే అతను ఏడ్చాడు. యూదా తన తప్పును ప్రధాన యాజకుల దగ్గర చెప్పుకున్నాడు. వాళ్ళు 'దానితో మాకేమి' అని పంపేశారు.

ఆచరణలో రెండింటినీ ఇలా పోల్చుకోవచ్చు. దేవుడు ఎత్తి చూపే తప్పుకు పేరుంటుంది, మనిషి ఉంటాడు, చేయగలిగిన పని ఉంటుంది. 'మంగళవారం చెల్లెలితో అబద్ధం చెప్పాను, ఫోన్ చేసి నిజం చెప్పాలి.' రెండో రకానికి అంచులుండవు. 'నేను పనికిరానిదాన్ని, దేవుడు నన్ను ఎప్పటికీ అంగీకరించడు.' ఇందులో చేయాల్సిన పని ఏదీ లేదు, కాబట్టి ముగింపూ ఉండదు. అందుకే తెల్లవార్లూ తిరుగుతుంది.

మీరు చేయగలిగినవి చెబుతాం. పరిశీలనకు పది నిమిషాలు మించి పెట్టుకోకండి, పడుకునే ముందు అసలే వద్దు, సాయంత్రం భోజనానికి ముందు చేయండి. జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన వరుస ఇక్కడ బాగా పనికొస్తుంది. మొదట ఆ రోజుకు కృతజ్ఞత, తరువాత తప్పును చూడగల కృప కోసం ప్రార్థన, ఆ తరువాతే రోజును గంట గంటగా చూసుకోవడం, క్షమాపణ వేడుకోవడం, చివర రేపటి నిర్ణయం. చాలామంది మొదటి రెండూ వదిలేసి నేరుగా మూడోదానిలో దూకుతారు. ఊపిరాడకపోవడం అక్కడే మొదలవుతుంది.

తప్పు రాసుకుంటే నాలుగు సంగతులు రాయండి: ఏం చేశాను, ఎవరికి, ఏం సరిచేయాలి, ఎప్పటిలోగా. సుంకరి జక్కయ్య ఒప్పుకోలు లూకా 19:8లో అలాగే ఉంది, బీదలకు సగం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. కన్నీళ్ళ ప్రస్తావన లేదు, లెక్క ఉంది. ఒకసారి ఒప్పుకుని సరిచేసినదాని పక్కన తేదీ వేసి గీత కొట్టండి. అది మళ్ళీ తలెత్తితే కొత్తగా ఒప్పుకోకండి, ఆ తేదీ చూపించుకోండి. 1 యోహాను 3:20 అలాంటి రాత్రులకే, మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటె గొప్పవాడని అక్కడ ఉంది.

మీ పఠనం కూడా మార్చుకోండి. రెండు వారాలు 51వ కీర్తన పక్కనపెట్టి 103వది చదవండి. ఒంటరిగా మోయకండి. కథోలికులైతే పాపసంకీర్తనంలో గురువుగారికి, ఇతరులైతే నమ్మకమైన పాస్టర్‌గారికో సంఘ పెద్దకో చెప్పండి. యాకోబు 5:16 ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మనే చెబుతోంది. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే డాక్టర్‌ను కలవండి. అది విశ్వాస లోపమని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోవద్దు.

ప్రశ్న: ధ్యానం చేస్తూ ఏం రాసుకోవాలి? ఇంట్లో ఎవరైనా చదువుతారని భయం.

తేదీ, వచనం సంఖ్య, ఆగిన మాట, ఒక వాక్యం ప్రార్థన. నాలుగు వరుసలు దాటనవసరం లేదు. పేజీలకు పేజీలు రాసేవాళ్ళు రెండో వారంలో ఆపేస్తారు. ఇతరుల పేర్లకు బదులు మొదటి అక్షరం రాయండి. మరీ గుట్టుగా ఉండాల్సినవి విడి కాగితం మీద రాసి, ప్రార్థించి చింపేయండి. ఆదివారం ఆరు రోజుల వరుసలూ ఒకసారి చదవండి. ఒకే మాట, ఒకే మనిషి రెండు మూడుసార్లు కనిపిస్తే వచ్చే వారం అక్కడే ఎక్కువసేపు ఉండండి.

ప్రశ్న: ఫోన్‌లో చదివితే తప్పా?

తప్పేమీ లేదు, కాకపోతే నష్టం ఉంది. ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. 'వరుసగా 12 రోజులు చదివారు' అని లెక్క చూపించే సదుపాయాన్ని ఆపేయండి, అది భక్తిని పదిమందికి కనబడేలా చేయొద్దనే మత్తయి 6వ అధ్యాయానికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. చూపు ఆనని పెద్దవాళ్ళకు ఆడియో బైబిలు మంచిది. అయితే ఒక అధ్యాయం తరువాత ఇంకోటి దానంతటదే మొదలవుతుంది, పది పదిహేను వచనాల దగ్గర ఆపి అదే భాగాన్ని రెండోసారి వినిపించండి.

ప్రశ్న: మూడో వారం వచ్చేసరికి ఏమీ అనిపించడం లేదు. వాక్యం పొడిగా ఉంది. ఆపేయాలా?

ఆపకండి. ముందు మామూలు కారణాలు చూడండి. నిద్ర తగ్గిందా? ఉపవాసం రోజు ఆకలి మీద తల తిరుగుతున్న వేళ చదువుతున్నారా? అలాగైతే వేళ మార్చండి. తీసుకున్న భాగం పెద్దదైతే సగం చేయండి. కంటితో చదవడం అలవాటుగా మారిపోతే ఐదు వచనాలు చేత్తో రాయండి, చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి మనసు కూడా నెమ్మదిస్తుంది.

ఇవేవీ కాకపోతే మత్తయి 5:23-24 ఒకసారి చూడండి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట అది. చేయాల్సిన పనిని వాయిదా వేస్తూ చదువుతుంటే చదివేది పొడిగానే ఉంటుంది. అదీ లేకపోతే, ఆ పొడితనంతోనే కూర్చోండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, వెలుగు వాక్యం ఒక్కటీ చివర అతికించలేదు. అది కూడా ప్రార్థనగానే బైబిలులో నిలిచింది. వేళ తగ్గించకండి, పెంచనూ వద్దు. పెట్టుకున్న 25 నిమిషాలూ కూర్చుని లేవండి.

ప్రశ్న: శ్రమల వారంలో ఏడు మాటలు ఒకేరోజు ఆరాధనలో వింటాం. వ్యక్తిగతంగా ధ్యానించేది ఎలా? శనివారం ఏం చదవాలో ఏ పుస్తకంలోనూ సరిగ్గా లేదు.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు ఏ ఒక్క సువార్తలోనూ కలిసి లేవు. మూడు లూకాలో (23:34, 43, 46), మూడు యోహానులో (19:26-27, 28, 30), 'నా దేవా, నా దేవా' అన్న మాట మత్తయి 27:46, మార్కు 15:34లో. శుక్రవారం ఏడింటినీ సొంతంగా మళ్ళీ చేయబోతే విన్న ప్రసంగాలే చెవిలో తిరుగుతాయి. అందుకని ముందటి వారం శుక్రవారమే మొదలుపెట్టి మట్టల ఆదివారం మినహా రోజుకొకటి తీసుకోండి, శ్రమల వారంలో గురువారానికి ఆరు పూర్తై ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కదానితోనే శుక్రవారం మధ్యాహ్నం కూర్చోండి. ఆ రోజుకు 'నా దేవా' అన్న మాట ఉంచుకుంటే, ఆరాధన నుంచి వచ్చాక 22వ కీర్తన మొత్తం పైకి చదవండి. ఆ మాట ఆ కీర్తనకు మొదటి వరుస. ఇంకో మాట, 'నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను' అన్నది, 31వ కీర్తన ఐదో వచనంలోనిది.

శనివారానికి పుస్తకాల్లో ఏమీ ఉండకపోవడానికి కారణం సువార్తల్లోనే ఆ రోజు గురించి దాదాపు ఏమీ లేకపోవడం. స్త్రీలు ఆజ్ఞ ప్రకారం విశ్రాంతిగా ఉన్నారని లూకా 23:56 చెబుతుంది. సమాధికి ముద్రవేసి కావలివారిని పెట్టారని మత్తయి 27:62-66లో ఉంది. ఈ రెండూ ఉదయం ఒకసారి చదివి బైబిలు మూసేయండి. 25 నిమిషాల వరుస ఆ రోజు వద్దు, కొత్త ధ్యానం వద్దు. సాయంత్రం మీ నోట్సు మొదటి పేజీ నుంచి తిరగేయండి, గీత కొట్టని వరుస ఏదైనా మిగిలితే ఆ మనిషికి ఆ రాత్రే ఫోన్ చేయండి. ఆదివారం ఉదయానికి గుర్తు కాగితం యోహాను 20వ అధ్యాయం దగ్గర పెట్టి పడుకోండి.